నిలిచే రంగు, నిజమైన రంగు: ఆధునిక ప్రకృతి చిత్రాల ఆర్కైవల్ ప్రింట్లు

ఆధునిక చిత్రకారుల ప్రకృతి చిత్రాలకు ప్రింట్లు అమ్మేవారి వివరణల్లో ‘ఆర్కైవల్’, అంటే చాలాకాలం చెడకుండా మన్నేది, అనే మాట దాదాపు తప్పకుండా ఉంటుంది. దాని పక్కనే ‘మ్యూజియం నాణ్యత’ అనీ, ‘వందేళ్లు రంగు వెలవదు’ అనీ ఉంటాయి. ఆర్కైవల్ అనే ఈ మాటకు కాపలా లేదు. ఏ ప్రింటును ఆర్కైవల్ అనవచ్చో, దేన్ని అనకూడదో నిర్ణయించి అమలుపరిచే వ్యవస్థ లేనందువల్ల, మంచి నూలు కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో (రంగు ఘనకణాలుగా ఉండే ఇంకు) వేసిన ప్రింటుకూ, సాధారణ పోస్టరు కాగితం మీద అదే ఇంకుతో వేసిన ప్రింటుకూ ఒకే పేరు చెల్లిపోతోంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఆ మాటను ఎంత నిజాయితీగా వాడినా అది ప్రింటు ఎన్నాళ్లు మన్నుతుందో చెబుతుందే తప్ప, మూలచిత్రాన్ని ఎంతవరకు పోలి ఉందో చెప్పదు. ఆకుపచ్చ తప్పుగా పడిన ప్రింటు వందేళ్లు మన్నితే వందేళ్లూ తప్పుగానే ఉంటుంది. కొనేవారు మన్నిక గురించి చాలా ప్రశ్నలు అడుగుతారు. పోలిక గురించి అడిగేవారు తక్కువ.

పాత ప్రకృతి చిత్రాల విషయంలో ఈ లోపం కొంత సర్దుకుపోతుంది. 17వ శతాబ్దపు డచ్ చిత్రాల్లోని పొలాలూ మబ్బులూ ప్రధానంగా వెలుగునీడల మీద నిలబడతాయి కాబట్టి, ప్రింటులో గోధుమ రంగు కాస్త ఎర్రబారినా దూరం దూరంగానే, చెట్టు చెట్టుగానే కనిపిస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ తర్వాత ఆ వెసులుబాటు పోయింది. 1906లో మరణించేదాకా ఆయన పదేపదే వేసిన సాంత్ విక్త్వార్ కొండ చిత్రాల్లో లోతును చూపేది గీతలు కావు. వెచ్చని గైరిక వర్ణపు మచ్చ పక్కన చల్లని నీలి మచ్చను పెట్టడం వల్ల ఒకటి ముందుకూ మరొకటి వెనక్కూ జరుగుతాయి. 1905 వేసవిలో కొలియూర్ అనే సముద్రతీర గ్రామంలో మాతీస్, దెరేన్ అనే చిత్రకారులు కలిసి పనిచేసినప్పుడు రంగు వస్తువు నుంచి పూర్తిగా విడిపోయింది. అలాంటి చిత్రంలో నారింజ రంగు మట్టిరంగుకు దిగజారితే ఒక రంగు మారడంతో సరిపోదు, బొమ్మ కట్టుబాటే సడలిపోతుంది. సెజాన్ చివరి చిత్రాల్లో రంగు వేయకుండా వదిలేసిన కాన్వాసు భాగాలకు కూడా ఇదే వర్తిస్తుంది. అవి లేత గోధుమ ఛాయలో ఉండి చుట్టూ ఉన్న రంగులకు ఊపిరి పోస్తాయి. ప్రింటు ‘మెరవాలని’ కాంట్రాస్టు పెంచినవారి చేతిలో అవి తెల్లటి చిల్లులుగా మారతాయి.

దీని వెనుక రంగుల రసాయన చరిత్ర ఉంది. కోబాల్ట్ నీలాన్ని రసాయనవేత్త తెనార్ 1802లో తయారు చేశాడు. కృత్రిమ అల్ట్రామెరీన్ 1820ల చివరలో వచ్చింది. విరిడియన్ ఆకుపచ్చ తయారీకి గినే 1859లో పేటెంటు పొందాడు. కాడ్మియం పసుపు కూడా ఆ శతాబ్దంలోనే చిత్రకారుల చేతికి అందింది. ఆధునిక ప్రకృతి చిత్రాల తేజస్సు చాలావరకు ఈ కొత్త ట్యూబుల్లోంచి పిండినదే. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు ఇంకులతో సాగే మామూలు ఆఫ్‌సెట్ ముద్రణ ఈ రంగుల్లో కొన్నిటిని అందుకోలేదు. గాఢమైన నారింజ, కోబాల్ట్ నీలం, శుద్ధమైన ఊదా ఆ నాలుగింటి హద్దులకు అవతల ఉంటాయి. వాటిని హద్దు లోపలికి లాగితే కొంత మసక తప్పదు. నారింజ, ఆకుపచ్చ, ఊదా ఇంకులను అదనంగా చేర్చిన పది, పన్నెండు ఇంకుల ఇంక్‌జెట్ యంత్రాలు ఈ లోటును చాలావరకు పూడ్చాయి. కాబట్టి ‘ఇంకు ఎన్నేళ్లు ఉంటుంది’ అన్నదాని కన్నా ముందు ‘యంత్రంలో ఎన్ని ఇంకులున్నాయి’ అని అడగడం ఈ తరహా చిత్రాలకు ఎక్కువ ఉపయోగం.

ఈ సమస్యను పూర్వం మరో దారిలో పరిష్కరించిన ఉదాహరణ ఒకటి కెనడాలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల బ్యారక్‌లకు చిత్రాలు అందించే ఉద్దేశంతో, చిత్రకారుడు ఎ. వై. జాక్సన్ చొరవతో, కెనడా జాతీయ గ్యాలరీ సహకారంతో శాంప్సన్–మాథ్యూస్ అనే ముద్రణ సంస్థ ఆ దేశపు ప్రకృతి చిత్రాలను సిల్క్‌స్క్రీన్ పద్ధతిలో అచ్చువేసింది. ఆ పద్ధతిలో నాలుగు ఇంకుల చుక్కలను కంటికి కలిపి చూపించడం ఉండదు. కావలసిన ప్రతి రంగునూ విడిగా కలిపి, దాని స్టెన్సిల్ ద్వారా దట్టంగా పరుస్తారు. చిత్రం కొంత సరళమవుతుంది, సన్నని కలయికలు పోతాయి. రంగు మాత్రం రంగుగానే ఉంటుంది. టామ్ థామ్సన్ లాంటి చిత్రకారుల విశాలమైన రంగు పరుపులకు అది బాగా నప్పింది. ఇవాళ ఆ ప్రింట్లనే విడిగా సేకరించేవారున్నారు. అచ్చు వేసినవారి నిర్ణయాలు బాగున్నప్పుడు నకలుకు కూడా సొంత విలువ వస్తుందనడానికి అవే సాక్ష్యం.

ప్రింటు నాణ్యతలో సగానికి పైగా నిర్ణయించేది యంత్రం కాదు, దానికి అందే ఫైలు. 60 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు ఉన్న ప్రింటును అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున వేయాలంటే సుమారు 7,087 × 5,315 పిక్సెళ్లు, అంటే దాదాపు 3.77 కోట్ల పిక్సెళ్లు కావాలి. గోడ మీద కొంత దూరం నుంచి చూసేదానికి అంగుళానికి 150 చాలు అనుకున్నా 94 లక్షలు తప్పవు. ఇంటర్నెట్‌లో దొరికే వెయ్యి పిక్సెళ్ల వెడల్పు బొమ్మను అదే కొలతకు సాగదీస్తే అంగుళానికి 42 పిక్సెళ్లు మాత్రమే మిగులుతాయి. ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. బొమ్మ నునుపుగానే వస్తుంది, కానీ కుంచె గీతలు మైనపు పూతలా కరిగిపోతాయి. పాత పుస్తకంలోని పుటను స్కాన్ చేసి వేసిన ప్రింట్లు ఇంకా హీనం, ఎందుకంటే అక్కడ నాలుగు ఇంకుల హద్దు ఒకసారి, స్కానర్ పొరపాటు మరొకసారి, కొత్త ప్రింటు పొరపాటు ఇంకొకసారి పేరుకుంటాయి.

నిజానికి మంచి ఫైలు దొరకడం ఇప్పుడు కష్టం కాదు. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2012లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో, చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018లో, హక్కుల గడువు ముగిసిన తమ చిత్రాల పెద్ద ఫైళ్లను ఉచితంగా తెరిచాయి. రైక్స్‌మ్యూజియం విషయంలో ఒక ముచ్చట ప్రచారంలో ఉంది: వర్మీర్ వేసిన పాలుపోసే పనిమనిషి చిత్రానికి ఇంటర్నెట్‌లో పసుపుబారిన నకళ్లు ఎంతగా వ్యాపించాయంటే, మ్యూజియం దుకాణంలోని సరైన కార్డులను చూసి సందర్శకులు ఇవి అసలు రంగులు కావేమోనని శంకించేవారట. సెజాన్, మోనే చిత్రాలకూ ఇదే గతి. ఒకే చిత్రానికి పది చోట్ల పది ఛాయలు కనిపిస్తున్నప్పుడు నమ్మదగిన ఆధారం ఆ చిత్రం ఉన్న మ్యూజియం ఇచ్చిన ఫైలే. అమ్మేవారు తమ ఫైలు ఎక్కడిదో చెప్పగలగాలి. ‘అధిక రిజల్యూషన్’ అనేది జవాబు కాదు. చిత్రం ఏ సంగ్రహాలయంలో ఉంది, ఫోటో ఎవరిది, ఎన్ని పిక్సెళ్లు అన్నవి జవాబులు.

మూలచిత్రాన్ని పోలి ఉండాలి అన్నప్పుడు ఏ నాటి మూలచిత్రాన్ని అన్న ప్రశ్న కూడా వస్తుంది. వాన్ గో వాడిన ఎర్ర ‘లేక్’ రంగులు (అద్దకపు రంగును పొడికి పట్టించి చేసేవి) వెలుతురుకు నిలవలేదు; 1889లో ఊదా రంగులో వేసిన ఆయన ఐరిస్ పూలు, గెట్టీ మ్యూజియంలోని ఆ చిత్రంలో ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి. మాతీస్ 1905–06లో వేసిన ‘జీవనానందం’, అంటే పచ్చిక బయలూ చెట్ల నడుమ మనుషులను చూపే బార్న్స్ ఫౌండేషన్ చిత్రంలో, కాడ్మియం పసుపు కొన్ని చోట్ల పాలిపోయి దంతపు రంగుకు, గోధుమ రంగుకు మారింది. ప్రింటు సహజంగానే నేటి స్థితిని చూపుతుంది, చూపాలి కూడా. చిత్రకారుడి ‘అసలు ఉద్దేశం’ పేరుతో రంగులు హెచ్చించి అమ్మే ప్రింట్లకు ఆధారం అడగాలి. మ్యూజియం శాస్త్రజ్ఞులు నమూనాలను పరీక్షించి తయారుచేసే డిజిటల్ పునర్నిర్మాణం ఒక సంగతి, అమ్మకందారు కంప్యూటర్లో కాస్త ఊదా కలపడం మరొక సంగతి.

కొలతల దగ్గర జరిగే అన్యాయం మరింత మామూలైపోయింది. ఆస్ట్రియా చిత్రకారుడు క్లిమ్ట్ అక్కడి అటర్‌జే సరస్సు పరిసరాల్లో వేసిన ప్రకృతి చిత్రాలు చాలావరకు చచ్చౌకాలు. వాటిలో ఎన్నో 110 × 110 సెం.మీ. కొలతవే. ఆకాశాన్ని దాదాపు తొలగించి, ఆకులనూ నీటినీ నాలుగు అంచుల దాకా నింపిన ఆ చౌకం యాదృచ్ఛికం కాదు, చిత్రం నిశ్చలంగా నిలవడానికి అదే ఆధారం. వాన్ గో 1890లో ఓవేర్‌లో వేసిన పొలాల చిత్రాలు అనేకం సుమారు 50 × 100 సెం.మీ. జంట చౌకాలు. వీటిని దుకాణంలో దొరికే ప్రామాణిక ఫ్రేములకు సరిపెట్టడానికి పక్కలు కోసి అమ్మడం సర్వసాధారణం. మ్యూజియం పేర్కొన్న వెడల్పును ఎత్తుతో భాగించి, ప్రింటు వెడల్పును దాని ఎత్తుతో భాగించి, రెండింటినీ పోల్చితే కోత పడిందో లేదో అర నిమిషంలో తేలిపోతుంది. చుట్టూ తెల్లటి అంచు వదిలి బొమ్మను పూర్తిగా వేసిన ప్రింటే కొనదగినది.

నిష్పత్తి సరిగా ఉన్నా అసలు పరిమాణం మిగిలే ఉంటుంది. పారిస్‌లోని ఆరంజెరీలో మోనే నీటి కలువలు రెండు మీటర్ల ఎత్తున, మొత్తం 90 మీటర్లకు పైగా పొడవున గోడల వెంట సాగుతాయి. 1927 నుంచి ఉన్న ఆ అమరికలో ఒక ముక్కను 60 సెం.మీ.కు కుదిస్తే చేతికి వచ్చేది నీలి ఆకుపచ్చల అలంకరణే. దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ టామ్ థామ్సన్. 1917లో మరణించిన ఆయన అడవుల్లో తిరుగుతూ సుమారు 21 × 27 సెం.మీ. పలకల మీద తైలవర్ణ స్కెచ్‌లు వేశాడు. వాటిని అసలు కొలతలోనే అచ్చువేయవచ్చు; కుంచె గీత నిజంగా ఎంత వెడల్పు ఉందో ప్రింటులోనూ అంతే ఉంటుంది. 1914లో ట్యునీషియా ప్రయాణంలో పౌల్ క్లే వేసిన జలవర్ణాలదీ అదే అదృష్టం: మూలం కూడా కాగితమే, రంగు పొర పలచన, పరిమాణం చిన్నది. నూలు కాగితం మీద పిగ్మెంట్ ప్రింటు ఇంతకన్నా దగ్గరగా చేరగల చిత్రాలు అరుదు. ప్రసిద్ధమైన భారీ చిత్రాన్ని కుదించి కొనడం కన్నా, కాగితానికి ఒదిగే చిన్న చిత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా కొనడం మేలైన బేరం.

తైలవర్ణపు మందం మాత్రం ప్రింటుకు లొంగదు. ఫోటో తీసినప్పుడు పక్కనుంచి పడిన వెలుగు కుంచె గట్ల నీడలను పట్టుకుంటే, ఆ నీడలు ప్రింటులో శాశ్వతంగా ఒకే వైపు ఉండిపోతాయి. గదిలోని దీపం మరోవైపు ఉంటే కన్ను ఎక్కడో తడబడుతుంది. వాన్ గో మ్యూజియం 2013లో ఫ్యూజీఫిల్మ్‌తో కలిసి త్రిమితీయ స్కానింగ్ ద్వారా ఉపరితలాన్ని కూడా అనుకరించే ప్రతులను తెచ్చింది. అవి వేరే తరగతికి, వేరే ధరకు చెందినవి. సాధారణ మార్కెట్లో కనిపించేది కాన్వాసు మీద ఇంక్‌జెట్ ప్రింటు, దాని మీద కుంచెతో పూసిన పారదర్శకమైన జెల్. ఆ జెల్ గీతలకూ చిత్రంలోని గీతలకూ సంబంధం ఉండదు. సెజాన్ నిలువుగా వేసిన చోట జెల్ అడ్డంగా పోతుంది. కాగితం మీది ప్రింటు తాను ప్రింటునని ఒప్పుకుంటుంది, ఇది ఒప్పుకోదు.

ఇక మన్నిక. జిక్లే అనే ఫ్రెంచి వాసన గల మాటను 1991లో జాక్ డుగాన్ అనే ముద్రణకారుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఐరిస్ అనే పెద్ద ఇంక్‌జెట్ యంత్రంతో వేసిన కళాప్రింట్లకు గౌరవమైన పేరు కావలసి వచ్చింది. ఆనాటి ఐరిస్ ఇంకులు నీటిలో కరిగే డై తరహావి కావడంతో చాలా ప్రింట్లు కొన్నేళ్లకే వెలిసిపోయాయి. అంటే జిక్లే అన్న పేరు మన్నికకు హామీ ఏనాడూ కాదు. డై ఇంకులో రంగు అణువులు విడివిడిగా కరిగి ఉంటాయి, వెలుతురుకూ ఓజోన్‌కూ తేలికగా లొంగిపోతాయి. పిగ్మెంట్ ఇంకులో రంగు ఘనకణాలుగా ఉంటుంది. పై పొర దెబ్బతిన్నా లోపలి అణువులు మిగులుతాయి. ‘పిగ్మెంట్ ఇంకు’ అని స్పష్టంగా రాసి లేని చోట ‘ఆర్కైవల్ ఇంకు’ అనే మాటకు విలువ ఇవ్వనవసరం లేదు.

ఏళ్ల లెక్కలను కూడా అవి పుట్టిన పద్ధతిని బట్టి చదవాలి. పరీక్షశాలల్లో ప్రింటును తీవ్రమైన వెలుగులో కొన్ని నెలలు ఉంచి, వచ్చిన మార్పును మామూలు గదికి లెక్కగడతారు. ఈ రంగంలో ఎక్కువగా ఉదహరించే విల్‌హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ అంచనా రోజుకు 12 గంటలు, 450 లక్స్ (లక్స్ అంటే వెలుగు తీవ్రతకు కొలమానం) వెలుగు, అద్దం చాటున ప్రదర్శన అనే షరతులతో సాగుతుంది. అది ఏడాదికి సుమారు 20 లక్షల లక్స్-గంటలు. కాగితం మీది చిత్రాలకు మ్యూజియంలు పాటించే 50 లక్స్‌ను రోజుకు 8 గంటల చొప్పున లెక్కిస్తే ఏడాదికి 1.46 లక్షలే. కిటికీ పక్కన పగటి వెలుగు వేల లక్స్‌లలో ఉంటుంది. కాబట్టి ‘వందేళ్లు’ అన్న ప్రింటు ఒక గదిలో చాలా తరాలు నిలవవచ్చు, మరో గదిలో యజమాని కళ్లముందే పాలిపోవచ్చు. షరతులు చెప్పని ఏళ్ల సంఖ్య ప్రకటన మాత్రమే.

కాగితం విషయంలో వెతకవలసిన మాటలు తక్కువే. నూటికి నూరు పాళ్లు నూలు కాగితం, లేదా శుద్ధిచేసిన ఆల్ఫా సెల్యులోజ్ (చెక్క గుజ్జు), కాగితాన్ని పసుపుబార్చే లిగ్నిన్ లేకపోవడం, ఆమ్లాన్ని అడ్డుకునే క్షార నిల్వ ఉండడం. శాశ్వత కాగితానికి వర్తించే ఐఎస్‌ఓ 9706 ప్రమాణం కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన నిల్వను కోరుతుంది. కాగితాన్ని మరింత తెల్లగా చూపడానికి కలిపే ఆప్టికల్ బ్రైట్‌నర్ల గురించి మాత్రం చాలా వివరణలు మౌనంగా ఉంటాయి. ఇవి అతినీలలోహిత కాంతిని నీలి కాంతిగా మార్చి కాగితానికి మెరుపు ఇస్తాయి. ఏళ్ల తరబడి వెలుగు సోకితే శక్తి కోల్పోతాయి, కాగితం కాస్త పసుపుబారినట్టు కనిపిస్తుంది. మంచు, మబ్బు, లేత ఆకాశం ఉన్న చిత్రంలో ఆ తెలుపే ఒక రంగు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. చీకటి గదిలో చిన్న అతినీలలోహిత టార్చి వేస్తే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. మెరుపు లేని నూలు కాగితానికి ఉన్న ఒక బలహీనతను కూడా దాచకూడదు: దాని మీద నలుపు అంత లోతుగా పడదు. చీకటి అడవి, తుఫాను మేఘాలు ప్రధానమైన చిత్రాలకు బరైటా తరహా (బేరియం సల్ఫేట్ పూత ఉన్న) నున్నని కాగితమే మెరుగ్గా ఉంటుంది.

చేతికి వచ్చిన ప్రింటును భూతద్దంతో చూస్తే అది ఎలా అచ్చయిందో తెలుస్తుంది. క్రమబద్ధమైన పూల ఆకారంలో చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్. తుంపర చల్లినట్టు క్రమం లేని సూక్ష్మమైన చుక్కలుంటే ఇంక్‌జెట్. ఆఫ్‌సెట్ పోస్టరు కొనడంలో తప్పేమీ లేదు, దాన్ని ఆర్కైవల్ ధరకు కొనడంలోనే ఉంది.

‘పరిమిత ప్రతులు’, ‘ప్రామాణికత ధ్రువపత్రం’ అనే హంగులకు ఈ రంగంలో బరువు తక్కువ. ఎప్పుడో మరణించిన చిత్రకారుడి చిత్రానికి నేడు వేసిన ప్రింటు మీద 250లో 17 అని రాయడం అమ్మకందారు తనకు తాను పెట్టుకున్న హద్దు. అదే ఫైలుతో మరొకరు వేయి ప్రతులు వేయవచ్చు. హక్కుల గడువు ముగియని చిత్రాలకు మాత్రం అనుమతి నిజంగా ముఖ్యం, అది దేశాన్ని బట్టి మారుతుంది. కెనడాలో ఒకప్పుడు రక్షణ కాలం మరణానంతరం 50 ఏళ్లు. 2022 డిసెంబరు 30న అది 70కి పెరిగింది, అప్పటికే గడువు తీరినవాటికి తిరిగి ప్రాణం పోయలేదు. అందువల్ల 1970లో మరణించిన కెనడా చిత్రకారుడు లారెన్ హారిస్ వేసిన మంచుకొండల చిత్రాలు అక్కడ స్వేచ్ఛగా అచ్చవుతుండగా, ఆయన సహచరుడైన జాక్సన్ 1974లో మరణించినందున ఆయన చిత్రాలకు 2044 చివరి దాకా రక్షణ ఉంది. 70 ఏళ్ల నియమం ఉన్న కొన్ని ఇతర దేశాల్లో హారిస్ చిత్రాలకు ఇంకా రక్షణ ఉండవచ్చు. మాతీస్, దెరేన్ ఇద్దరూ 1954లో మరణించారు కాబట్టి ఐరోపా సమాఖ్యలోని చాలా దేశాల్లో వారి చిత్రాలు 2025 జనవరి 1న విడుదలయ్యాయి; వాటి ప్రింట్లు ఇప్పుడు వెల్లువెత్తడానికి అదొక కారణం. కొత్త ప్రింట్లు పెరిగినంత వేగంగా మంచి ఫైళ్లు పెరగలేదు.

ఫ్రేము దగ్గర చేసే పొదుపు మిగతా ఖర్చునంతా వృథా చేస్తుంది. ఆమ్లమున్న అట్టను మౌంటుగా (ప్రింటు చుట్టూ అద్దం కింద పెట్టే అట్ట) వాడితే దాని కోత అంచు వెంట కాగితం గోధుమ రంగుకు తిరుగుతుంది. ప్రింటును అట్టకు పూర్తిగా అంటించకూడదు. పై అంచున జపనీస్ కాగితపు చిన్న పట్టీలతో, గోధుమ పిండి జిగురుతో వేలాడదీస్తే తేమకు కాగితం సాగి ముడుచుకోవడానికి వీలుంటుంది, అవసరమైతే విడదీయవచ్చు. అద్దం ప్రింటును తాకకుండా మౌంటు ఎడం ఇవ్వాలి. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం ఉపయోగకరమే గానీ కనిపించే వెలుగు చేసే నష్టాన్ని అది ఆపదు. గదిలోని దీపం కూడా చిత్రంలో భాగమే. పగటి వెలుగులో సరిగా కనిపించిన ఆకుపచ్చ, రంగులను సరిగా చూపని ఎల్ఈడీ కింద బూడిదబారవచ్చు. పెయింటులోని వర్ణద్రవ్యమూ ప్రింటులోని ఇంకూ వేర్వేరు పదార్థాలు కావడంతో, ఒక దీపం కింద కలిసిన రంగులు మరో దీపం కింద కలవాలన్న నియమం లేదు. ప్రింటు కొత్తగా వచ్చినప్పుడు వెంటనే అద్దం బిగించడం కూడా పొరపాటే. ఇంకులోని గ్లైకాల్ అనే, నెమ్మదిగా ఆరే ద్రవం ఇంకా ఆవిరవుతూనే ఉంటుంది. కనీసం ఒక రోజు గాలికి ఆరనిచ్చి, మీద శుభ్రమైన కాగితం పరిచి ఆ తేమను పీల్చనివ్వాలి. అలా చేయకపోతే కొన్ని వారాల్లో అద్దం లోపలి వైపు జిడ్డులాంటి పొగ పేరుకుంటుంది, ఫ్రేము మొత్తం విప్పితే తప్ప అది తుడవడానికి అందదు.